నాలుగు ప్లగ్గుల మొక్కు

గ్వాయబాల్ ఊళ్ళో ప్రతి జీపుకీ ఓ పేరుంటుంది, ఆ పేరుకు తగ్గ పొగరూ ఉంటుంది. లిబార్దో జీపు పేరు గారాలపట్టి. కాఫీ బస్తాలు, అరటి గెలలు, పెళ్ళివారు, నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు, ఒకసారి డోళ్ళతో సహా బాజా బృందం మొత్తం... ఆ కొండదారిలో అది మొయ్యనిది లేదు. అలాంటి బండి మూడేళ్ళుగా ఇంటి వెనక పెంకుల పాకలో పడి ఉంది. స్టీరింగ్ మీద కోళ్ళు కునుకు తీస్తాయి. డ్రైవరు సీట్లో ఓ మచ్చల పెట్ట గుడ్లు పెడుతుంది. లిబార్దో కూతురు నోరల్బా రోజూ పొద్దున్నే ఆ గుడ్డు తీసుకుని, ఖాళీ చేత్తో స్టీరింగ్‌ని ఓసారి తడిమి, నిట్టూర్చి, కాఫీ తోటలో కూలీలకు వంట చెయ్యడానికి పోతుంది.

ఆమెకి నలభై దాటాయి. చిక్కుడు గింజలు ఉడకబెట్టీ, అరటికాయలు వేయించీ విసిగిపోయింది. పదహారో ఏట తండ్రే నేర్పాడు ఆమెకి బండి నడపడం. అప్పటినుంచీ ఆమెకి ఉన్నది ఒకటే కోరిక. మైదానంలో జీపుల వరుసలో ఏడో చోటు లిబార్దోది. ఏదో ఒకరోజు ఆ చోట్లోంచి గారాలపట్టిని తనే బయటికి తియ్యాలి. ఆ చోటు లేకపోతే జీపు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. వరుసలో లేని బండి ఎక్కే మనిషి ఆ ఊళ్ళో పుట్టలేదు.

జూన్ నెల నడుమ ఓ సాయంత్రం జీపుల సంఘం పెద్ద ఆల్దెమార్ వచ్చాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, ఇచ్చిన కాఫీ తాగి, మీసం తుడుచుకున్నాడు.

"బాబాయ్, చెప్పడానికి నాకే నోరు రావట్లేదు. ఈసారి కార్మెల్ మాత పండక్కి మీ బండి రాకపోతే మూడోసారి అవుతుంది."

"అయితే ఏంట్రా?" అన్నాడు లిబార్దో.

"ఏంట్రా అంటావేంటి! మూడేళ్ళు వరసగా దీవెనకి రాని బండికి చోటు పోతుంది. ఆ రూలు పెట్టిందే నువ్వు."

"అది తాగుబోతు వెధవల కోసం పెట్టాను."

"రూలుకేం తెలుసు, ఎవడు తాగాడో ఎవడు మొక్కాడో! నీ మొక్కు గొప్పదే, కాదన్నానా? అందరికీ చెప్పుకు తిరిగేది నేనే కదా."

అది నిజమే. మూడేళ్ళ కిందట రాతిగని మలుపు దగ్గర గారాలపట్టి నిండా జనంతో లోయ అంచు దాటిపోయింది. ముందు చక్రం గాల్లోకి వెళ్ళింది. వెదురు పొద ఒకటి అడ్డుపడి బండి ఆగిపోయింది. ఎవరికీ గోరు కూడా ఊడలేదు. ఆ రోజు ఆల్దెమార్ సొంత బండి రిపేరులో ఉండి, గారాలపట్టి వెనక మెట్టు మీద వేలాడుతూ వచ్చాడు. అందుకని ఆ మహిమ గురించి అతనికంటే బాగా చెప్పగలవాళ్ళు లేరు. ఆ మలుపులోనే కార్మెల్ మాత గూడు ఉంది. డ్రైవర్లకి ఆవిడే తల్లి. గండం గడిచిన డ్రైవరు మాడిపోయిన హెడ్‌లైటు ఒకటి తెచ్చి ఆ గూటికి వేలాడదీసి దణ్ణం పెట్టుకుంటాడు. లిబార్దో అలా సరిపెట్టలేదు. ఇంజన్‌లో నిప్పు రాజేసే నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, తీగకి గుచ్చి, మాత మెళ్ళో దండలా వేశాడు. మాత తిరిగి ఇస్తే తప్ప బండి తియ్యనన్నాడు. ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంది.

"తోసుకొస్తే ఒప్పుకుంటారా అన్నా?" అంది నోరల్బా.

"సొంత ఇంజన్ మీదే రావాలి చెల్లాయ్. తొయ్యకూడదు, లాగకూడదు. నా బావమరిది ఆ చోటు కోసం రెండేళ్ళుగా కాచుకుని కూచున్నాడు. నేను సంఘం పెద్దని, ఇంట్లో మాత్రం పిల్లిని. నా తంటాలు నావి." ఆల్దెమార్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నోరల్బా ఆ సాయంత్రమే పాకలోకి వెళ్ళి, కోళ్ళని తోలి, బానెట్ ఎత్తింది. బండి ముందు భాగంలో హ్యాండిల్ పెట్టి తిప్పింది. తిరగలేదు. కాలు తన్నిపెట్టి తిప్పింది. అంగుళం కదల్లేదు. ఇంజన్ పట్టేసింది. పైకి చూస్తే పాక కప్పులో సరిగ్గా బానెట్ మీద ఓ పెంకు లేదు. బానెట్‌కి తుప్పుతిని చిల్లు ఉంది. చిల్లు కింద, ప్లగ్గులు ఉండాల్సిన చోట, నాలుగు బొక్కలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వేలు పెడితే లోపల తడి తగిలింది, వేలు బయటికి తీస్తే ఎర్రగా వచ్చింది.

"నాన్నా! ప్లగ్గులు పీకినవాడివి ఆ బొక్కల్లో ఇంత గుడ్డపేలిక కుక్కలేకపోయావా? మూడు వానాకాలాలు తాగింది ఇది!"

"మొక్కిన చోట గుడ్డలు కుక్కుతారుటే?" అన్నాడు లిబార్దో గుమ్మంలోంచి. "ఇస్తే పూర్తిగా ఇవ్వాలి. మాతకి ప్లగ్గులిచ్చి, వెనకాల బొక్కలు మూసుకుంటే, రేపో మాపో మళ్ళీ తీస్తానని చెప్పినట్టు కాదూ?"

"మాత నవ్వుకుని ఉంటుంది నీ భక్తికి."

"నవ్వితే నవ్వనీ. నవ్వించడం కూడా పుణ్యమే." అని వెనక్కి తిరిగి, గుమ్మం పక్కనున్న ముక్కాలిపీటని కాలితో తన్ని, "ఎవరే ఇది ఇక్కడ పెట్టింది!" అని దాన్ని నాలుగు తిట్టాడు. ఈ మధ్య ముసలాయనకి కోపం ముక్కు మీదే ఉంటోంది. పీటలని తంతాడు, కోళ్ళని తంతాడు, బక్కెట్లని తంతాడు. నోరల్బాకి అలవాటైపోయింది.

మర్నాటి నుంచి ఊరంతా వైద్యులే. కోకాకోలా పొయ్యమని ఒకరు, నిమ్మరసం పొయ్యమని ఒకరు, ఆముదం అయితే తిరుగులేదని ఇంకొకరు. సారా పోస్తే ఎంత మొండి ఇంజనైనా వదులుతుందని చెప్పినవాడు, సగం సీసా ఇంజన్‌కి, సగం తనకి అని లెక్క కూడా చెప్పాడు. ఆల్దెమార్ బావమరిది ఎంతో ప్రేమగా, "నా బండికి కట్టు, రెండో గేరులో పెట్టు, కొండ దిగువకి ఒక్క లాగు లాగితే చచ్చినట్టు తిరుగుతుంది," అన్నాడు.

ఆ మాట విని లిబార్దో మొదటిసారి పాకలోకి వచ్చాడు. "లాగితే తిరుగుతుంది. పిస్టన్ ఒక చోట, దాని కడ్డీ ఒక చోట తిరుగుతాయి. పట్టేసిన ఇంజన్‌ని బలవంతం చేస్తే పగుల్తుంది. బతిమాలుకోవాలి."

"అయితే రా, నువ్వే బతిమాలు," అంది నోరల్బా. ఆయన కాసేపు తలుపు పట్టుకుని ఊగిసలాడి, చొక్కా చేతులు మడిచాడు. దాంతో ఆమె ప్రాణం లేచి వచ్చింది. ప్లగ్గుల సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

డీజిలూ, గేరు నూనే కలిపి నాలుగు బొక్కల్లోనూ నింపి, నానబెట్టారు. వంట నుంచి వచ్చాక రోజూ ఆమె టాప్ గేరులో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపేది. ఊపీ ఊపీ నడుం పట్టేసింది కానీ ఇంజన్ వదల్లేదు. చివరికి సిలిండర్ల మీది మూత, అదే హెడ్, విప్పారు. విప్పాక నోరల్బా అక్కడే చతికిలబడింది. నునుపుగా అద్దంలా ఉండాల్సిన సిలిండర్లు చెరువులో నానిన బిందెల్లా ఉన్నాయి. మొదటిదీ నాలుగోదీ కాస్త నయం. నడిమి రెండూ ఎర్రగా పొక్కులు కట్టి ఉన్నాయి.

లిబార్దో వంగి చూడలేదు. ఒక్కో సిలిండర్‌లో చెయ్యి పెట్టి, వేళ్ళతో చుట్టూ తడిమాడు.

"మూడోదే మొండిది. కానీ తుప్పు పైపైనే ఉంది, ఇనుముని తినలేదు. నీలాగే, కేకలెక్కువ."

"నాకు కేకలు ఎవరి దగ్గర్నుంచి వచ్చాయో?"

"మీ అమ్మ దగ్గర్నుంచి. దేవుడి దగ్గరుంది, ఇప్పుడు కాదనలేదు."

ఎమరీ పేపరు డీజిల్‌లో ముంచి, కనబడేంత మేర తుప్పు గీకింది నోరల్బా. జామచెట్టు కొమ్మ నరికి, సిలిండర్‌లో పట్టేలా గుండ్రంగా చెక్కిన దిమ్మని పిస్టన్ మీద పెట్టి, లిబార్దో చెక్క సుత్తితో కొట్టాడు. గట్టిగా కాదు. తలుపు తట్టినట్టు. ఒక దాని మీద నాలుగు దెబ్బలు, పక్క దాని మీద నాలుగు, మధ్యలో నూనె. రోజూ అదే పని. ఒక ఆదివారం మధ్యాహ్నం మూడో పిస్టన్ మీద దెబ్బ పడినప్పుడు చప్పుడు మారింది. లిబార్దో సుత్తి గాల్లోనే ఆపేశాడు.

"విన్నావా?"

"ఏం విన్నాను?"

"హ్యాండిల్ పట్టు."

ఆమె పట్టింది. వెంట్రుకవాసి కదిలింది. వెనక్కి తిప్పింది, మళ్ళీ ముందుకి. బెత్తెడు కదిలింది. కాసేపటికి కీచుమంటూ, మూలుగుతూ పూర్తి చుట్టు తిరిగింది. నోరల్బా మచ్చల పెట్టని ఎత్తుకుని ముద్దుపెట్టింది. ఆ పెట్ట అవమానంతో ఆ రోజు గుడ్డు పెట్టలేదు.

ఆ తరవాత కింద నూనె తొట్టి దింపి, పిస్టన్లు పైకి తోసి బయటికి తీశారు. పాత రింగులు బిస్కట్లలా విరిగిపోయాయి. ఆమె పట్నం నుంచి కొత్త రింగులూ, గ్యాస్కెట్టూ, ఎందుకైనా మంచిదని నాలుగు కొత్త ప్లగ్గులూ తెచ్చింది. ప్లగ్గులని మాత్రం చెప్పకుండా బియ్యం డబ్బాలో దాచింది. సిలిండర్లన్నీ మళ్ళీ మెరిసేదాకా రుద్దింది. మూడోదాన్లో రెండు మచ్చలు మిగిలాయి. ఏ అందగత్తెకైనా ఉంటాయిలే అన్నాడు లిబార్దో.

మిగిలినవి వాల్వులు. ఎనిమిదింటినీ గుంటల్లో ఆడించి ఆడించి వదులు చేసి, నూరి, ఒక పళ్ళెంలో వరసగా పేర్చారు. ఏ వాల్వు ఆ గుంటలోనే కూచోవాలి, లేకపోతే చేసిన చాకిరీ అంతా గంగపాలు. లిబార్దోనే ఆ పళ్ళేన్ని తన కుడి పక్కన నేల మీద పెట్టుకున్నాడు. పెట్టుకుని, పానా కోసం లేచి, ఒక్క అడుగు వేశాడు. పళ్ళెం ఎగిరి గోడకి కొట్టుకుంది. వాల్వులు పాకంతా దొర్లాయి.

"ఎవరే ఇది ఇక్కడ పెట్టింది!" అని అరిచాడు.

పెట్టింది ఆయనే. నిమిషం కూడా కాలేదు.

నోరల్బా అలా నిలబడి తండ్రినే చూసింది. ఇన్నాళ్ళూ తన్నిన పీటలూ, కోళ్ళూ, బక్కెట్లూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. సిలిండర్లో కళ్ళు పెట్టి చూడకపోవడం గుర్తొచ్చింది. ఎవరైనా పక్కనుంచి పలకరిస్తే తల మొత్తం తిప్పి వెతుక్కోవడం గుర్తొచ్చింది. అన్నిటినీ కోపం అనుకుంది. ఒక్కటీ కోపం కాదు.

"నాన్నా, నీకు పక్కన ఉన్నవి కనబడవు కదూ?"

"కనబడకేం! నువ్వు కనబడుతున్నావు, ఇంతకంటే ఏం కావాలి?"

"ఎన్నాళ్ళయింది?"

లిబార్దో మోకాళ్ళ మీద కూచుని వాల్వుల కోసం నేల తడమడం మొదలుపెట్టాడు. ఒకటి దొరికింది. దాన్ని చొక్కాతో తుడుస్తూ చెప్పాడు.

"నీటికాసులన్నాడు డాక్టరు. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. ఎదురుగా ఉన్నది తెలుస్తుంది, పక్కది తెలీదు. పోయింది తిరిగి రాదుట, చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలుస్తుందిట. ఆ మలుపులో నాకు లోయ కనబళ్ళేదే. రోడ్డే అనుకున్నాను. వెనక పదమూడు మంది ఉన్నారు."

"మరి మొక్కు?"

"మొక్కేంటి నా మొహం! ప్లగ్గులు ఇంట్లో ఉంటే నేను ఆగుతానా? మైదానంలో ఎవడైనా ఒక్క కేక వేస్తే చాలు, మళ్ళీ ఎక్కి కూచుంటాను. నా సంగతి నాకు తెలీదూ? నీకిస్తే ఏడ్చి మళ్ళీ తీసుకుంటాను. మాత మెళ్ళోంచి దొంగతనం చెయ్యలేను కదా, అందుకని ఆవిడకి ఇచ్చాను. ఊరేమో నన్ను భక్తుడంది. వాళ్ళు పొగిడిన ప్రతిసారీ నిజం చెప్పేద్దామనుకున్నాను. అయినా నోరు విప్పలేకపోయాను. డ్రైవర్ లిబార్దో కాస్తా కబోది లిబార్దో అవుతాడని భయమేసింది."

నోరల్బాకి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. చెప్పకుండా దాచినందుకు కోపం, ఒక్కడే మోసినందుకు ఏడుపు. ఆమె కూడా నేల మీద కూచుంది. ఇద్దరూ కలిసి వాల్వులు ఏరారు. ఏది ఏ గుంటదో లిబార్దో వేలితో కాడ తడిమి, గుంటలో ఆడించి చూసి చెబుతుంటే, ఆమె పెట్టుకుంటూ పోయింది.

ఆఖరిది పెట్టాక ఆయనే అన్నాడు, "ఆ బియ్యం డబ్బాలో ఉన్నవి తీసుకురా."

"నీకెలా తెలుసు?"

"కళ్ళు పోయాయి కానీ ఆకలి పోలేదే. బియ్యంలో చెయ్యి పెడితే ప్లగ్గులు తగిలాయి." చేతులు చొక్కాకి తుడుచుకుంటూ అన్నాడు, "ఆపాల్సింది నన్ను. బండిని కాదు. ఆ సంగతి మాతకీ తెలిసే ఉంటుంది."

కొత్త ప్లగ్గులు బిగించి హ్యాండిల్ తిప్పితే మొదట దగ్గింది, తరవాత తుమ్మింది, ఆ తరవాత పాక నిండా తెల్లటి పొగ కక్కుతూ అంటుకుంది. కోళ్ళన్నీ గోడ దూకాయి. లిబార్దో బానెట్ మీద అరచెయ్యి ఆనించి, బిడ్డ జ్వరం చూసినట్టు నిలబడిపోయాడు.

"మైదానంలో అడుగుతారు, నువ్వెందుకు తోలట్లేదని," అంది నోరల్బా. "మోకాళ్ళ నొప్పులని చెబుదాం."

"చెబుదాం," అన్నాడు లిబార్దో.

కార్మెల్ మాత పండగనాడు జీపులన్నీ కాగితప్పూలూ, అరటాకులూ కట్టుకుని మైదానంలో హారన్లు మోగిస్తున్నాయి. గారాలపట్టి కొంచెం పొగ వదులుతూ, తన సొంత ఇంజన్ మీద వచ్చి ఏడో చోట్లో ఆగింది. కేకలూ ఈలలూ మిన్నుముట్టాయి. ఫాదర్ ఒవీదియో బక్కెట్టుతో దీవెన నీళ్ళు జల్లుతూ వచ్చి బానెట్ ఎత్తమన్నాడు.

"ఇంజన్ మీద మాత్రం వద్దు ఫాదర్," అంది నోరల్బా. "దానికి నీళ్ళు చాలినన్ని పడ్డాయి."

అంతలో ఆల్దెమార్ బావమరిది గొంతు సవరించుకున్నాడు. "బండి వచ్చింది సరే. చోటు లిబార్దోది. స్టీరింగ్ దగ్గర కూచున్నది లిబార్దో కాదు కదా?"

ఆల్దెమార్ ఇబ్బందిగా మీసం లాక్కున్నాడు. "రూలు ప్రకారం చోటు కూతురికి ఇవ్వచ్చు. సొంతదారు నిలబడి, మాత ముందు తాళం చేతికివ్వాలి. ఎందుకు మానుకుంటున్నాడో చెప్పాలి. కానీ బాబాయ్, నీకేమైంది? ఇంకో పదేళ్ళు తోలగలవు నువ్వు!"

నోరల్బా మోకాళ్ళ మాట అనబోయింది. లిబార్దో చెయ్యి పైకెత్తి ఆపాడు. టోపీ తీశాడు. తల మొత్తం తిప్పుకుంటూ, ఒక్కొక్కరినీ వెతుక్కుని చూశాడు. ఆ పదమూడు మందిలో చాలామంది అక్కడే ఉన్నారు.

"నాకు చూపు పోతోంది," అన్నాడు. "మీరనుకున్నట్టు ఆ రోజు మలుపులో బ్రేకులు పోలేదు. నాకు లోయ కనబళ్ళేదు. మిమ్మల్నందరినీ కళ్ళు లేకుండా మోసుకొచ్చాను. ఆపింది వెదురు పొద, మాత దయ, ఇంకేం కాదు. నాది మొక్కు కాదు, సిగ్గు. క్షమించండి."

మైదానంలో హారన్లు ఆగిపోయాయి. ఆల్దెమార్ నోరు తెరుచుకుని ఉన్నాడు.

"అంటే... ఆ రోజు నేను వెనక మెట్టు మీద వేలాడుతూ... నీకేమీ కనబడకుండా..."

"ఎదురుగా కనబడింది లేరా. మలుపే కనబళ్ళేదు."

"మలుపు తప్ప ఈ రోడ్డులో ఏముంది బాబాయ్!"

ఎవరో ముందు నవ్వారు. తరవాత అందరూ నవ్వారు. ఆల్దెమార్ మాత్రం నవ్వలేదు. వచ్చి ముసలాయన్ని గట్టిగా వాటేసుకుని, "మూడేళ్ళుగా నీ మహిమ చెప్పి చెప్పి నా గొంతు పోయింది కదయ్యా," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తరవాత మొహం తుడుచుకుని, బావమరిది వైపు తిరిగి, "వరుస కదలదు. ఇంటికెళ్ళి మీ అక్కతో నేనే చెప్పుకుంటాను," అన్నాడు. ఆ ధైర్యం చూసి మైదానం మళ్ళీ చప్పట్లు కొట్టింది. లిబార్దో తాళం కూతురి చేతిలో పెట్టాడు. పెట్టాక కూడా వేళ్ళు వెంటనే వదల్లేదు. నోరల్బా తొందరపెట్టలేదు. కాసేపటికి వదిలాడు.

మొదటి బేరానికి బండి నిండింది. వెనక మెట్టు మీద ఆల్దెమార్, పట్టుబట్టి. లిబార్దో డ్రైవరు పక్క సీట్లో కూచున్నాడు. నలభై ఏళ్ళలో ఆ సీటు ఎలా ఉంటుందో ఆయనకి తెలీదు. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

రాతిగని మలుపు వచ్చింది. నోరల్బా ముందే వేగం తగ్గించి, గూటి ముందు ఆపి హారన్ కొట్టింది. మాత మెళ్ళో నాలుగు పాత ప్లగ్గులూ తుప్పు పట్టి వేలాడుతున్నాయి. లిబార్దో శిలువ గుర్తు వేసుకున్నాడు. "వాటిని అక్కడే ఉండనీ," అన్నాడు.

అక్కడినుంచి దిగువదారి. మలుపు మీద మలుపు. ప్రతి మలుపులోనూ పక్కసీట్లోంచి చిన్న చప్పుడు వస్తోంది. నోరల్బా ఓరకంట చూసింది. తండ్రి కుడికాలు కింద ఉన్న ఖాళీ రేకుని గట్టిగా నొక్కుతోంది.

"నాన్నా, బ్రేకు నా దగ్గరుంది."

"తెలుసులేవే," అన్నాడు లిబార్దో, ఎదురుగా చూస్తూ. "నా కాలికే ఇంకా చెప్పలేదు."